మీరు తెలుగువారా, క్రైస్తవులా?

మొన్న జనవరిలో పెళ్ళయిన మా సంఘ బిడ్డలిద్దరు మారిషస్ వెళ్ళివచ్చారు. సికింద్రాబాదులో ఇప్పుడు మారిషస్ అంటే దేశం పేరు కన్నా ప్యాకేజీ పేరుగానే ఎక్కువ చెలామణి అవుతోంది. ఆరు రాత్రులు, ఏడు పగళ్ళు, పడవ షికారుతో సహా. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ మా ఇంటికి వచ్చి ఫోన్లో ఫోటోలు చూపించారు. నీలి నీళ్ళు, తెల్లని ఇసుక, చెరకు తోటలు. అన్నీ అయ్యాక అబ్బాయి, "అయ్యగారూ, అక్కడ ఒకాయన మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు, జవాబు చెప్పలేకపోయాం" అన్నాడు.

ఆ ఒకాయన వాళ్ళను తిప్పిన వ్యాను డ్రైవరు. యాభై దాటిన మనిషి. వీళ్ళు వెనక సీట్లో తెలుగులో మాట్లాడుకోవడం విని, "నేనూ తెలుగే" అని ఇంగ్లీషులో చెప్పాడట. తెలుగులో మాట్లాడమంటే నమస్కారం, బాగున్నారా, గోవిందా అని ఆగిపోయాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర వీళ్ళిద్దరూ తలవంచి ప్రార్థన చేసుకోవడం చూశాడు. కాసేపు ఊరుకుని అడిగాడు: "మీరు తెలుగువారా, క్రైస్తవులా?"

రెండూనని వీళ్ళు చెప్పారు. ఆయనకు అర్థం కాలేదు. ఎగతాళి చేయలేదు, దెప్పలేదు. "మా మేనత్త క్రైస్తవుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఇప్పుడు ఆమె తెలుగు కాదు కదా" అన్నాడట, సోమవారం తర్వాత మంగళవారం వస్తుంది అన్నంత మామూలుగా.

ఈ మాట మమ్మల్ని కొన్ని రోజులు వదల్లేదు. గుంటూరులోనో ఏలూరులోనో సికింద్రాబాదులోనో ఎవరైనా ఇలా అడిగితే మనకు కోపం వస్తుంది. మన తాతలు తెలుగులోనే ప్రార్థించారు, తెలుగులోనే కీర్తనలు కట్టారు, తెలుగులోనే సమాధి రాళ్ళు చెక్కించుకున్నారు. కాని ఆ డ్రైవరు పెరిగిన చోట ఆ ప్రశ్న సహజమైనదే. ఎందుకు సహజమైందో తెలియాలంటే ఆ దీవి కథ కొంత తెలియాలి.

మారిషస్ హిందూ మహాసముద్రంలో, మకరరేఖకు కొద్దిగా పైన, మడగాస్కరుకు తూర్పుగా సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉంది. కన్యాకుమారి నుంచి నైరుతిగా దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. ప్రధాన దీవి విస్తీర్ణం 1,865 చదరపు కిలోమీటర్లు. గ్రేటర్ హైదరాబాదు అంటే ఎన్నో ఏళ్ళుగా మనం చెప్పుకున్న 650 చదరపు కిలోమీటర్లకు మూడింతలకన్నా కాస్త తక్కువ. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి దీవి ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, భోజనం చేసి తిరిగి రావచ్చు. ఇది కాక తూర్పున రోడ్రిగ్స్ అనే చిన్న దీవి, ఇంకా దూరంగా మరికొన్ని లంకలు ఈ దేశానివే.

సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి పైకి వచ్చిన నేల అది. అందుకే నేలంతా నల్ల రాయి. నడుమ పీఠభూమి, చుట్టూ విరిగిన పళ్ళలాంటి కొండలు. వాటిలో ఎత్తయినది 828 మీటర్లు. దీవి చుట్టూ దాదాపు పూర్తిగా పగడపు గట్టు ఉండడం వల్ల ఒడ్డున నీళ్ళు చెరువులా నిలకడగా ఉంటాయి. ఫోటోల్లో మనం చూసి ముచ్చటపడేది ఆ నీళ్ళనే. ఆగ్నేయం నుంచి ఏడాది పొడుగునా గాలి వీస్తుంది. ఆ గాలికి అడ్డుపడే మధ్య ఎత్తుల్లో వాన కుండపోత, అవతలి పడమటి ఒడ్డున పొడి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల భయం. తుపానుకు మిగతా పంటలు విరిగిపోతే చెరకు వంగి మళ్ళీ లేస్తుంది. ఈ ఒక్క గుణం వల్లే ఆ దీవిలో చెరకు రాజ్యమేలింది. చెరకు రాజ్యమేలినందువల్లే మనవాళ్ళు అక్కడికి పోయారు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ దీవికి మూలవాసులు లేరు. అరబ్బు నావికులకు, పోర్చుగీసువాళ్ళకు దాని సంగతి తెలుసు గాని ఎవరూ కాపురముండలేదు. 1598లో డచ్చివాళ్ళు దిగి, తమ ప్రిన్స్ మారిస్ పేరు పెట్టారు. ఎగరలేని డోడో పక్షి అక్కడే ఉండేది. మనుషులు, వాళ్ళు వెంట తెచ్చిన పందులు, ఎలుకలు కలిసి నూరేళ్ళలోపే దాన్ని లేకుండా చేశారు. చెరకును జావా నుంచి తెచ్చిందీ డచ్చివాళ్ళే. 1710లో వాళ్ళు విడిచిపోతే 1715లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బోర్డొన్నే పోర్ట్ లూయీని రేవు పట్టణంగా తీర్చాడు. 1746లో ఇంగ్లీషువాళ్ళ చేతిలోంచి మద్రాసును లాక్కున్న ఫ్రెంచి నౌకాదళాన్ని నడిపించినవాడు ఈయనే. ఆ దీవి మన కోస్తాకు అప్పటికే అంత దగ్గర.

ఫ్రెంచివాళ్ళు మడగాస్కరు నుంచి, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి బానిసలను తెచ్చి దీవిని నింపారు. మన సికింద్రాబాదు కంటోన్మెంటు మొదలైంది 1806లో. నాలుగేళ్ళకు, 1810లో, బ్రిటిషువాళ్ళు మారిషస్‌ను గెలుచుకున్నారు. ఆ దండులో మద్రాసు ప్రెసిడెన్సీ సిపాయిలూ ఉన్నారు. లొంగుబాటు షరతుల్లో ఇంగ్లీషువాళ్ళు ఒక మాట ఇచ్చారు: అక్కడి వాళ్ళ మతం, చట్టం, ఆచారాలు అలాగే ఉంటాయి. దాంతో జెండా ఇంగ్లీషుది, తోట ఫ్రెంచివాడిది, గుడి రోమన్ కతోలికులది, మాట్లాడేది క్రియోల్ అనే విచిత్రమైన ఏర్పాటు నిలిచిపోయింది. క్రియోల్ అంటే బానిసలు, యజమానులు కలిసిన చోట ఫ్రెంచి మాటల మీద పుట్టిన భాష. నేటికీ ఆ దేశంలో అందరి నోటా ఉన్నది అదే.

1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. అప్పటికి దీవిలో దాదాపు 66 వేలమంది బానిసలు. ప్రభుత్వం నష్టపరిహారం చెల్లించింది, అదీ యజమానులకు. బానిసలకు కానీ రాలేదు. పైగా అప్రెంటిస్‌ల పేరుతో మరో నాలుగేళ్ళు అదే తోటలో పని. 1839లో ఆ కట్టు తెగగానే వాళ్ళలో ఎక్కువమంది తోటల ముఖం చూడకుండా ఒడ్డు గ్రామాలకు, పట్నానికి వెళ్ళిపోయారు. చేపలు పట్టుకున్నారు, వడ్రంగం చేసుకున్నారు. కొరడా తిన్న పొలంలో మళ్ళీ కూలికి ఎవరు దిగుతారు?

తోటల యజమానులు తమ చూపు మన దేశం మీదికి తిప్పారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను దించింది. అప్పటి నుంచి 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షలమంది వచ్చారు. అయిదేళ్ళ కరారు, మగవాడికి నెలకు అయిదు రూపాయలు, తిండి గింజలు, గుడ్డలు. ఈ కరారు కూలీ పద్ధతిని బ్రిటిషు ప్రభుత్వం ముందు ఇక్కడ ప్రయత్నించి చూసి, తర్వాత వెస్టిండీసుకు, నేటాలుకు, ఫీజీకి పంపింది. మొదటి మొక్క నాటిన నేల మారిషస్.

అన్యాయాల గోల లేచి 1838–39లో వలసలు ఆపారు. 1842లో తిరిగి తెరిచారు. 1843 ఒక్క ఏడాదే ముప్పై వేలకు పైగా దిగారు. 1861 నాటికి దీవి జనాభాలో మూడింట రెండు వంతులకు దగ్గరగా భారతీయులే. ఎక్కువమంది బీహారు వైపు నుంచి కలకత్తా మీదుగా పోయిన భోజ్‌పురీలు. తర్వాతి వాటా మద్రాసు ప్రెసిడెన్సీది. ఆ వాటాలో తమిళులతో పాటు మనవాళ్ళున్నారు.

మనవాళ్ళను అక్కడ కోరంగీలు అన్నారు. బర్మాలోనూ అదే పేరు. కోరంగి అంటే కాకినాడకు దక్షిణంగా, గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే చోట ఉండిన రేవు. ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి జనం పోతుంటారు గాని, ఆ రోజుల్లో అది ఓడలు కట్టే పెద్ద రేవు. పక్కనే ఫ్రెంచి యానాం. మారిషస్‌కు పొరుగున ఉన్న బూర్బన్ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు, యానాం నుంచి 1820ల చివర్లోనే కూలీలు పోయారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన కోరంగిని ముంచింది. రెండో దెబ్బకు ఆ రేవు మళ్ళీ లేవలేదు. ఓడలు కాకినాడ వైపు తిరిగాయి. మారిషస్ ప్రయాణం క్రమంగా మద్రాసు రేవుకు మారింది. కాని ఆ మనుషులకు కోరంగి పేరే అంటుకుని ఉండిపోయింది.

వాళ్ళు ఎందుకు పోయారు? మేస్త్రీలు మాయమాటలు చెప్పి తీసుకుపోయారన్నది నిజమే. అది సగం నిజం. 1832–33లో నందన కరువు వచ్చింది. గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనాభాలో లక్షన్నర దాకా చచ్చిపోయారని లెక్క. ధవళేశ్వరం ఆనకట్ట పని కాటన్ దొర మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. ఆ మధ్య పదిహేను ఇరవై ఏళ్ళు గోదావరి పక్కనే పారుతున్నా పొలానికి నీళ్ళు లేవు. కోరంగిలో ఓడ ఎక్కిన మొదటి తరం ఆ ఏళ్ళ మనుషులు. ఉత్తరాన విశాఖ, గంజాం జిల్లాల నుంచీ పోయారు. మారిషస్ తెలుగువాళ్ళ గుళ్ళలో నేటికీ సింహాద్రి అప్పన్న పేరు గట్టిగా వినిపిస్తుందంటే కారణం అదే.

అక్కడ వాళ్ళ బతుకు ఎలా ఉండేదో కొంచెం చెప్పాలి. పోర్ట్ లూయీ రేవులో 1849 నుంచి వలస డిపో ఉండేది. ఓడ దిగిన ప్రతి ఒక్కరూ అక్కడి పదహారు మెట్లు ఎక్కాలి. ఇప్పుడు దాన్ని ఆప్రవాసీ ఘాట్ అంటున్నారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మెట్లు ఎక్కాక పేరు పోయి నంబరు వచ్చేది. తోటలో నల్లరాళ్ళు చేతులతో ఏరి గుట్టలు పోసి, సందుల్లో చెరకు నాటాలి. ఆ రాతి గుట్టలు ఇప్పటికీ చెరకు మళ్ళ మధ్య నిలబడి ఉన్నాయి. మా అమ్మాయి ఫోటోల్లోనూ ఉన్నాయి, గుడి శిథిలాలనుకుందట. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. 1850ల మొదట్లోనే ఉచిత తిరుగు ప్రయాణం రద్దు చేశారు. 1867 చట్టం వచ్చాక కరారు ముగిసినవాడు కూడా ఫోటో అంటించిన పాసు లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దేశదిమ్మరి కింద జైలు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే యూరోపియన్ తొమ్మిది వేలకు పైగా పాత కూలీల సంతకాలతో అర్జీ రాయించాడు. తోటల యజమానులు ఆయన మీద పగబట్టారు. మరుసటి ఏడాది రాయల్ కమిషన్ వచ్చి అర్జీలో ఉన్నది చాలావరకు నిజమేనని తేల్చింది.

ఇక మన ప్రశ్నకు వద్దాం. ఈ దీవిలో క్రైస్తవ సంఘం ఎక్కడ ఉంది?

మొదట అది బానిసల పక్కన ఉంది, ఉండవలసిన చోటే. 1814లో లండన్ మిషన్ తరపున వచ్చిన జాన్ లెబ్రన్ పోర్ట్ లూయీలో నల్లజాతి పిల్లలకు బడి పెట్టి తెల్ల యజమానుల చేత తిట్లు తిన్నాడు. 1841లో ఫాదర్ లావల్ అనే ఫ్రెంచి గురువు వచ్చాడు. అంతకు ముందు ఆయన వైద్యుడు. అప్పుడే విడుదలైన బానిసల మధ్య కాపురముండి, క్రియోల్ నేర్చుకుని, క్రియోల్‌లోనే ఉపదేశం చెప్పాడు. ఫ్రెంచిలో తప్ప దేవుడికి అర్థం కాదనుకునే దొరల మధ్య అది చిన్న పని కాదు. 1864 సెప్టెంబరు 9న ఆయన చనిపోయాడు. ఏటా ఆ తేదీకి సెంత్ క్రువాలోని ఆయన సమాధికి వేలమంది నడిచిపోతారు. వాళ్ళలో హిందువులు, ముస్లిములు కూడా ఉంటారు. మన డ్రైవరు వాళ్ళమ్మ ఏటా వెళ్ళేదట.

అలా క్రియోల్ సంఘపు భాష అయింది. సంఘం విడుదలైనవాళ్ళ ఇల్లయింది. వాళ్ళు విడిచిపోయిన తోటల బారకాసుల్లో వచ్చి చేరినవాళ్ళు మన కోరంగీలు. ఒకరు ఒడ్డున, ఒకరు తోటలో. ఒకరికి ఆదివారం గుడి గంట, ఇంకొకరికి రాత్రి దీపం చుట్టూ రామభజన. ఒకరి మీద ఒకరికి అనుమానం కూడా ఉండేది, ఎందుకంటే కూలి రేటు తగ్గించడానికే కదా దొరలు రెండోవాళ్ళను తెచ్చింది.

భారతీయుల మధ్య సువార్త పని జరగలేదని కాదు. 1854లో మొదటి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషిక్తుడైన విన్సెంట్ రయన్ ఈ కూలీల కోసం శ్రద్ధ తీసుకున్నాడు. చర్చి మిషనరీ సొసైటీ తమిళ, బెంగాలీ ఉపదేశకులను పనిలో పెట్టింది. తమిళులకు తరంగంబాడి, తిరునెల్వేలి సంఘాలు అప్పటికే పాతవి. పంపడానికి మనుషులున్నారు, చేతికివ్వడానికి పుస్తకాలున్నాయి.

మన సంగతి చూడండి. విశాఖపట్నంలో లండన్ మిషన్ పని 1805లోనే మొదలైనా దశాబ్దాల పాటు విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. నరసాపురానికి బౌడెన్, బీర్ దొరలు వచ్చింది 1836లో. నెల్లూరులో డే దొర మకాం పెట్టింది 1840లో. ఫాక్స్, నోబుల్ దొరలు మచిలీపట్నం చేరింది 1841లో. హయ్యర్ అయ్యగారు గుంటూరులో అడుగు పెట్టింది 1842లో. సెమినరీలో ఈ తేదీలు మేము బట్టీ పట్టినవే. వలస ఓడల తేదీల పక్కన పెట్టి చూడడం మాత్రం ఇదే మొదటిసారి. రెండూ ఒకే ఏళ్ళు! గోదావరి పాయలో మిషనరీ పడవ లోపలికి వస్తున్న ఏళ్ళలోనే కూలీల ఓడ బయటికి పోతోంది. బైబిలు మొత్తం తెలుగులో అచ్చయ్యేసరికి 1850లు వచ్చాయి. ఒంగోలులో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జులై 3న. అప్పటికి మారిషస్ తెలుగువాళ్ళలో రెండో తరం పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. కోరంగీలు పోయేటప్పుడు వాళ్ళతో పంపడానికి తెలుగు సంఘమనేది ఇంకా పుట్టలేదు.

ఇది మా ఊహ కాదని చూపడానికి నేటాల్ ఉంది. దక్షిణాఫ్రికాకు మొదటి కూలీల ఓడ ట్రూరో 1860 నవంబరులో చేరింది, మద్రాసు నుంచి. తర్వాతి దశాబ్దాల్లో పోయినవాళ్ళలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల బాప్తిస్టు విశ్వాసులున్నారు. వాళ్ళు తమకు తెలుగు కాపరిని పంపమని నెల్లూరుకు కబురు చేశారు. ఇక్కడి తెలుగు బాప్తిస్టులు తమ సొంత హోం మిషన్ తరపున జాన్ రంగయ్య గారిని కుటుంబంతో సహా పంపారు. 1903లో ఆయన వెళ్ళి, కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్తిస్టు సంఘాన్ని స్థాపించారు. అక్కడ తెలుగు క్రైస్తవుడంటే ఎవరికీ వింత కాదు. అదే ఓడ, అదే కరారు, అదే దొర. తేడా అంతా పోయిన ఏడాదిలో ఉంది.

మారిషస్‌లో అందువల్ల జరిగింది ఇది. తెలుగు గుడిలో నిలిచింది, భజనలో నిలిచింది. ఇంట్లో క్రియోల్ వచ్చేసింది. 2011 జనాభా లెక్కల్లో 12 లక్షల 36 వేలమంది జనంలో ఇంట్లో క్రియోల్ మాట్లాడేవారు 84 శాతం. మాట్లాడే తెలుగు పోయినా పాడే తెలుగు మిగిలింది. క్రైస్తవం తీసుకున్నవాడు పాటను కూడా వదిలి క్రియోల్, ఫ్రెంచి ఆరాధనలోకి వెళ్ళాడు. అతని పిల్లలకు తెలుగుతో సంబంధం పేరులో రెండక్షరాలు. మారిన మనిషిని పట్టుకుని "నీ భాష నీదే, ఉంచుకో" అని చెప్పినవారు లేరు. ఈ నింద గుడివాళ్ళ మీద వేయడం తేలిక. మా ఉద్దేశంలో ఎక్కువ భాగం సంఘం మీదే పడుతుంది. లావల్ గారు క్రియోల్ నేర్చుకున్న ఓపికలో పదో వంతు తెలుగు మీద ఎవరైనా పెట్టి ఉంటే ఆ డ్రైవరు మేనత్త ఇప్పటికీ తెలుగే.

తర్వాత రాజ్యం వచ్చి దీనికి ముద్ర వేసింది. జనాభా లెక్కల్లో మతం అనే వరుసలో తమిళ, తెలుగు, మరాఠీ అన్న పేర్లు కనిపిస్తాయి. మనకు భాష పేర్లు, వాళ్ళకు హిందువుల్లో శాఖలు. 1968 మార్చి 12న స్వతంత్రం వచ్చినప్పుడు రాజ్యాంగం పౌరులను నాలుగు వర్గాలు చేసింది: హిందువులు, ముస్లిములు, చైనా సంతతివారు, జీవన విధానాన్ని బట్టి ఈ మూడింటిలో దేనికీ చెందనివారంతా సాధారణ జనాభా. శాసనసభలో 62 స్థానాలకు ఎన్నిక జరుగుతుంది. తక్కువ ప్రాతినిధ్యం వచ్చిన వర్గాలను సరిదూచడానికి ఓడినవారిలోంచి ఎనిమిదిమంది దాకా తీసుకుంటారు. అందుకోసం అభ్యర్థి నామినేషన్ పత్రంలో తన వర్గం రాయాలి. తెలుగు తాతకు పుట్టిన క్రైస్తవుడు హిందువు అని రాయలేడు, కాబట్టి సాధారణ జనాభాలోకి పోతాడు. 1972 తర్వాత జనాభా లెక్కల్లో వర్గం అడగడం మానేశారు. అయినా ఆ పాత లెక్కతోనే స్థానాలు పంచుతున్నారు. వర్గం రాయమని నిర్బంధించడం తగదని 2012లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ చెప్పింది. 2014 ఎన్నికకు మాత్రం తాత్కాలికంగా ఒక సడలింపు ఇచ్చారు.

చిన్న సమూహాలను నోరు మూయించకుండా ఉండాలన్న మంచి ఉద్దేశంతోనే ఆ ఏర్పాటు చేశారు, అది ఒప్పుకోవాలి. ఉగాదికి ఆ దేశమంతటా సెలవు. బళ్ళలో తెలుగు నేర్చుకోవచ్చు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మారిషస్‌లోనే. బీహారు, తమిళ, తెలుగు, ఆఫ్రికా, చైనా, ఫ్రాన్సు మనుషులను ఒక చిన్న నేల మీద పోసి, తన్నుకోకుండా అరవై ఏళ్ళకు దగ్గరగా ప్రజాస్వామ్యం నడుపుతున్న దేశం మీద రాళ్ళు వేయడం మా పని కాదు. చాగోస్ దీవుల కథలో ఆ దేశమే దెబ్బతిన్నది. 1965లో బ్రిటన్ వాటిని కోసి ఉంచుకుంది. అక్కడి జనాన్ని ఓడలెక్కించి పోర్ట్ లూయీ రేవులో దించేశారు. బ్రిటన్ అక్కడి పాలన ముగించాలని 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మే 22న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ కథ వేరుగా రాయదగినది.

మతం మారితే కాగితం మీద మనిషి మారిపోవడం మనకు తెలియని విషయమా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాలను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాల మాదిగ బిడ్డ మాత్రం బీసీ–సీ. పేట అదే, బావి అదే, పిలుపు అదే. సర్టిఫికెట్ మారుతుంది. మారిషస్‌లో భాషను తీసుకుంటే ఇక్కడ కులాన్ని తీసుకున్నారు. కులం పోతే మంచిదే కదా అనేవాళ్ళు ఆ పేటలో ఒక పూట ఉండి చూడాలి.

ఇంకో వైపు మన సికింద్రాబాదు ఉంది. మద్రాసు పటాలాలతో వచ్చిన తమిళ క్రైస్తవుల మునిమనవలు బజారులో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, ఇరుగుపొరుగుతో ఉర్దూ కలిపి మాట్లాడతారు. ఆదివారం తమిళ ఆరాధనకు వచ్చి తమిళంలో పాడతారు. రెండు వందల ఏళ్ళు ఒక భాష బతికింది గుడి బల్లల మీద. మారిషస్ తెలుగు హిందువులు చేసిందీ ఇదే.

ఆ జంట ఫోన్లో ఇంకో ఫోటో ఉంది. డ్రైవరు ఇచ్చినది. మారిషస్ వలస రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వంశస్థులు అడిగితే వివరాలు తీసి ఇస్తారు. ఆయన తన ముత్తాత తండ్రి వివరాలు తీయించుకుని జేబులో పెట్టుకుని తిరుగుతాడట. తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్ళు కనిపిస్తే చూపిస్తాడు. నంబరు, వయసు ఇరవై రెండు, ఎత్తు, ఎడమ చేతి మీద మచ్చ. వచ్చిన ఏడాది 1850ల్లోది. జిల్లా రాజమండ్రి, అంటే 1859లో ఆ జిల్లా పేరు పోకముందు రాసిన కాగితం. ఊరి పేరు దగ్గర సిరా అలుక్కుపోయింది. మొదట 'పె', చివర 'పూడి' కనిపిస్తున్నాయి, నడుమ అక్షరాలు ఇంగ్లీషు గుమస్తా చెవికి ఎలా వినిపించాయో అలా ఉన్నాయి.

పెదపూడి కావచ్చని మేము అనుకున్నాం. మ్యాపు తీసి చూస్తే ఆ పేరుతో ఒకటి కన్నా ఎక్కువ ఊళ్ళున్నాయి. పెదపూళ్ళ దగ్గర, తాళ్ళరేవు, కోరంగి వైపు ఉన్న మన పాఠకుల్లో ఎవరి ఇంట్లోనైనా సముద్రం మీద పోయి తిరిగి రాని పెద్దాయన సంగతి చెప్పుకుంటూ ఉంటే మాకు రాయండి. హిందువులైనా క్రైస్తవులైనా సరే. ఆ కాగితం ఫోటో మా దగ్గర ఉంది, పంపిస్తాం.